హైదరాబాద్ నుంచి రెండు కేసులు, రెండు తీర్పులు: ఎల్జీబీటీక్యూ హక్కుల విషయంలో కోర్టులు ఎక్కడ ఆగుతున్నాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్. అక్కడ పవర్ హౌస్ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల, ఖుర్సీపార్ వైపు తెలుగు కుటుంబాలు దశాబ్దాలుగా ఉంటున్నాయి. స్టీల్ ప్లాంట్ పనుల కోసం వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. ఇళ్లలో తెలుగు, బయట హిందీ, ఛత్తీస్‌గఢీ.

అలాంటి ఒక తెలుగు ఇంట్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఉన్నారనుకుందాం. ఆ వ్యక్తి విజయనగరంలో ఉండి ఉంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ల పింఛను 2024లో నెలకు రూ.3,000 నుంచి రూ.4,000కు పెరిగింది. హైదరాబాద్‌లో ఉండి ఉంటే, వీధిలో చీర కట్టుకుని నడిచినందుకు వారంట్ లేకుండా అరెస్టు చేయడానికి వీలు కల్పించే చట్టం ఒకటి మొన్నమొన్నటి దాకా పుస్తకాల్లో ఉండేది. పవర్ హౌస్‌లో ఉంటే ఆ పింఛను రాదు, ఈ చట్టమూ వర్తించదు. కానీ ఆ రాష్ట్ర పోలీసు శాఖలో ట్రాన్స్‌జెండర్ కానిస్టేబుళ్లు ఉన్నారు.

ముగ్గురికీ రాజ్యాంగం ఒక్కటే. సుప్రీంకోర్టు ఒక్కటే. అయినా ఊరు మారితే బతుకు మారిపోతోంది. ఎందుకిలా? దీనికి జవాబు 2023లో వచ్చిన రెండు తీర్పుల్లో దొరుకుతుంది. ఆ రెండు కేసుల మూలాలూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది.

నిజాం నాటి చట్టం ఇన్నాళ్లు ఎలా బతికింది?

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని సంచార తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసిన చట్టంగానే అది చాలామందికి తెలుసు. కానీ అందులో రెండో భాగం ఒకటి ఉంది. అది హిజ్రాల గురించి. వాళ్ల పేర్లు రిజిస్టరులో నమోదు చేయాలని, ఆడవాళ్ల దుస్తుల్లో బహిరంగంగా కనిపిస్తే శిక్షించాలని అది చెప్పింది.

అదే నమూనాలో హైదరాబాద్ సంస్థానం ఫస్లీ 1329లో, అంటే 1919లో, సొంత చట్టం చేసుకుంది. తర్వాతి కాలంలో దాన్ని ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) యూనక్స్ యాక్ట్ అని, చివరికి తెలంగాణ యూనక్స్ యాక్ట్ అని పిలిచారు.

ఆ చట్టంలో ఏముంది? నపుంసకుడినని ఒప్పుకున్న పురుషుడు, లేదా వైద్య పరీక్షలో అలా తేలిన పురుషుడు 'యూనక్'. పిల్లలను ఎత్తుకుపోతారనో, వాళ్లకు వృషణాలు తొలగిస్తారనో, 'అసహజ నేరాలు' చేస్తారనో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు, చిరునామాలతో ప్రభుత్వం రిజిస్టరు నిర్వహించాలి. అందులో పేరున్నవాళ్లు ఆడవాళ్ల దుస్తులు, నగలు వేసుకుని వీధిలో గానీ, వీధికి కనిపించే చోట గానీ ఉంటే, లేదా బహిరంగంగా పాడినా ఆడినా వారంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల దాకా జైలు. 16 ఏళ్ల లోపు బాలుడిని ఇంట్లో ఉంచుకున్నా అదే శిక్ష.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎత్తుకుపోవడం, గాయపరచడం ఎవరు చేసినా నేరాలే. వాటికి వేరే చట్టాలు ఉన్నాయి. ఈ చట్టం శిక్షించింది చేసిన పనిని కాదు, ఉన్న తీరును. కట్టిన చీర, వేసిన గాజులు, పాడిన పాట. అనుమానం ఉంటే చాలు, రిజిస్టరులో పేరెక్కుతుంది. పేరెక్కితే చాలు, మిగతాదంతా నేరమవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రద్దయింది. హైదరాబాద్ చట్టం మాత్రం మిగిలిపోయింది. దీనికి కారణం రాజ్యాంగంలోని 372వ అధికరణ. రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికి ఉన్న చట్టాలు, ఎవరో ఒకరు రద్దు చేసేదాకా లేదా మార్చేదాకా కొనసాగుతాయని అది చెబుతుంది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన పాత చట్టాలు చెల్లవని 13వ అధికరణ చెబుతుంది, నిజమే. కానీ ఫలానా చట్టం విరుద్ధమని ఎవరో కోర్టుకు వెళ్లి అడగాలి. ఎవరూ అడగలేదు.

అలా నిజాం చట్టం హైదరాబాద్ రాష్ట్రానికి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు వారసత్వంగా వచ్చింది. 1956 నుంచి 2014 దాకా ఒకే రాష్ట్రంలో ఉన్నా, విజయవాడలో హిజ్రాలకు వర్తించని చట్టం హైదరాబాద్‌లో వర్తించేది. పేరులో 'తెలంగాణ ప్రాంత' అన్న మాట ఉన్నది అందుకే.

హైకోర్టు ఏం చెప్పింది?

2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలు ఈ చట్టాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ ఏడాదే కోర్టు చట్టం అమలుపై స్టే ఇచ్చింది. తర్వాత 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. రేషన్ కార్డులు లేని ట్రాన్స్‌జెండర్లకు బియ్యం అందడం లేదని, మందులు దొరకడం లేదని మరో వ్యాజ్యం దాఖలైంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సీవీ భాస్కర్ రెడ్డిల ధర్మాసనం 2023 జులై 6న తీర్పు ఇచ్చింది.

చట్టం మొత్తాన్నీ కోర్టు కొట్టేసింది. ఒక సమూహాన్ని మొత్తంగా నేరస్తుల కింద జమకట్టడం సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణకు, గౌరవంగా జీవించే హక్కును చెప్పే 21వ అధికరణకు విరుద్ధమని తేల్చింది.

ఈ తీర్పుకు పునాది అంతకుముందు సుప్రీంకోర్టు ఇచ్చిన మూడు తీర్పులు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో, తన జెండర్ ఏమిటో నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగంలోని 15, 16 అధికరణల్లో 'లింగం' అన్న మాటలో జెండర్ గుర్తింపు కూడా ఉందని వివరించింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ జోహార్ కేసులో, వయోజనులు ఇష్టపూర్వకంగా జరిపే స్వలింగ లైంగిక సంబంధం నేరం కాదంటూ ఐపీసీ 377 సెక్షన్ పరిధిని కుదించారు. ఈ మూడూ వచ్చాక 1919 నాటి చట్టం నిలబడడానికి చోటే లేదు.

హైకోర్టు కొట్టివేతతో ఆగలేదు. విద్యాసంస్థల ప్రవేశాల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు రిజర్వేషన్ కల్పించేలా ఉత్తర్వులు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆసరా పింఛను పథకంలో వాళ్లనూ చేర్చాలని చెప్పింది.

అంటే ఒకే తీర్పులో రెండు రకాల ఆదేశాలు ఉన్నాయి. మొదటి రకం, చట్టాన్ని కొట్టేయడం. దాన్ని అమలు చేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. తీర్పు వెలువడిన క్షణం నుంచి ఆ చట్టం కింద ఎవరినీ అరెస్టు చేయలేరు. రెండో రకం, పింఛను, రిజర్వేషన్. వీటికి జీవో కావాలి, బడ్జెట్ కావాలి, దరఖాస్తు ఫారంలో గడి కావాలి, ఆ ఫారం తీసుకునే గుమస్తా కావాలి. తీర్పు బయలుదేరిన చోటికీ లబ్ధిదారు ఉన్న చోటికీ మధ్య చాలా బల్లలు ఉంటాయి.

ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే రెండో కేసు సులువుగా అర్థమవుతుంది.

అదే ఏడాది, అదే నగరం నుంచి

హైదరాబాద్‌లో ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో నగర శివార్లలో బంధుమిత్రుల సమక్షంలో పెళ్లి చేసుకున్నారు. చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. 2022 నవంబరులో వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లిని నమోదు చేయాలన్నది వాళ్ల అభ్యర్థన. దానికి మరెన్నో పిటిషన్లు తోడయ్యాయి. దేశంలో స్వలింగ వివాహాల కేసుగా అందరికీ తెలిసిన ఈ కేసు న్యాయ గ్రంథాల్లో సుప్రియో కేసుగానే నమోదైంది.

ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 అక్టోబర్ 17న తీర్పు చెప్పింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో ఐదుగురూ ఏకీభవించారు. ప్రత్యేక వివాహ చట్టాన్ని స్వలింగ జంటలకు వర్తించేలా మార్చి చదవలేమన్న విషయంలోనూ ఐదుగురిదీ ఒకే మాట. భిన్నాభిప్రాయం వచ్చింది మరో చోట. పెళ్లి అనకపోయినా, కలిసి జీవించే బంధానికి చట్టపరమైన గుర్తింపు పొందే హక్కు ఉందని నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డీవై చంద్రచూడ్, జస్టిస్ ఎస్‌కే కౌల్ అన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ, తెలుగువారైన జస్టిస్ పీఎస్ నరసింహ దానికి ఒప్పుకోలేదు. అలాంటి గుర్తింపును సృష్టించడం చట్టసభ పని అన్నారు. 3-2తో ఆ తలుపు మూసుకుంది. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

తీర్పులో ఒక ముఖ్యమైన విషయం వార్తల్లో వెనక్కి పోయింది. భిన్న లింగ సంబంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఇప్పుడున్న వివాహ చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని ఐదుగురూ చెప్పారు. అంటే ట్రాన్స్ మహిళ, పురుషుడు చేసుకున్న పెళ్లి చెల్లుతుంది.

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. పురుషుడిని పెళ్లి చేసుకున్న ట్రాన్స్ మహిళ, భర్త, అత్తమామల వేధింపులపై ఐపీసీ 498ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. బిడ్డను కనలేదన్న కారణంతో ఆమెను మహిళ కాదనడం కుదరదంది. ఆ ప్రత్యేక కేసులో మాత్రం ఆరోపణలకు ఆధారాలు లేవంటూ ప్రొసీడింగ్స్‌ను కొట్టేసింది. ఫిర్యాదుదారు ఓడారు. సూత్రం నిలిచింది.

తీసేయడం వేరు, కట్టడం వేరు

జులైలో హైకోర్టు, అక్టోబరులో సుప్రీంకోర్టు. ఒకదానికి ధైర్యం ఉంది, ఇంకోదానికి లేదు అనుకుంటే విషయం సగమే అర్థమైనట్టు.

యూనక్స్ యాక్ట్ కేసులో పిటిషనర్లు అడిగింది, దారికి అడ్డంగా ఉన్న గోడను తీసేయమని. ప్రాథమిక హక్కులకు అడ్డొచ్చే చట్టాన్ని తీసేయడం రాజ్యాంగం కోర్టులకు అప్పగించిన పనే. 377 కేసులోనూ జరిగింది అదే.

సుప్రియో కేసులో అడిగింది ఒక ఇల్లు కట్టమని. పెళ్లి అంటే రిజిస్ట్రారు ఇచ్చే ఒక కాగితం మాత్రమే కాదు. వారసత్వం, దత్తత, భరణం, విడాకులు, బీమా, పింఛను, ఆసుపత్రిలో సంతకం, చివరికి శవాన్ని అప్పగించేది ఎవరికన్నదాకా, అన్నీ దానికి ముడిపడి ఉన్నాయి. ఈ చట్టాలన్నింటిలో 'భర్త', 'భార్య', 'పురుషుడు', 'స్త్రీ' అనే మాటలు ఉన్నాయి. ప్రత్యేక వివాహ చట్టంలోనే పెళ్లి వయసు పురుషుడికి 21, స్త్రీకి 18 అని విడివిడిగా ఉంది. ఒక మాట మారిస్తే అల్లిక అంతా కదులుతుందని, ఆ పని తమది కాదని మెజారిటీ న్యాయమూర్తులు భావించారు.

అయితే దీనికి బలమైన ప్రతివాదన కూడా ఉంది. చట్టసభలో ఓట్ల బలం లేనివాళ్ల కోసమే కదా ప్రాథమిక హక్కులు పెట్టుకున్నది? సంఖ్యలో తక్కువగా ఉన్నవాళ్లను, మెజారిటీ దగ్గరికే వెళ్లి అడుక్కోమని చెబితే హక్కుకు అర్థమేముంది? ఈ ప్రశ్న భారత్‌లోనే కాదు, చాలా దేశాల రాజ్యాంగ కోర్టుల ముందుకు వచ్చింది. దక్షిణ అమెరికాలో ఎదురైన అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడివీ వలస పాలన నుంచి బయటపడిన దేశాలే. మతానికి, సంప్రదాయ కుటుంబానికి పెద్దపీట వేసే సమాజాలే.

బ్రెజిల్, కొలంబియా, ఈక్వడార్ కోర్టులు ఏం చేశాయి?

బ్రెజిల్ 1988 రాజ్యాంగంలో, కలిసి జీవించే జంటల గురించి చెప్పే చోట 'పురుషుడు, స్త్రీ' అనే స్పష్టంగా ఉంది. అయినా 2011 మే 5న ఆ దేశ సుప్రీంకోర్టు స్వలింగ జంటలకూ ఆ గుర్తింపు వర్తిస్తుందని ఏకగ్రీవంగా చెప్పింది. రాజ్యాంగం ఆ రెండు మాటలు వాడింది స్త్రీలకు సమాన స్థానం ఇవ్వడానికే తప్ప మిగతావాళ్లను వెలి వేయడానికి కాదన్న వాదనను అంగీకరించింది. కానీ ఆ తర్వాత కూడా కొన్ని రిజిస్ట్రేషన్ కార్యాలయాలు పెళ్లిళ్లు చేశాయి, కొన్ని తిప్పి పంపాయి. చివరికి 2013లో జాతీయ న్యాయ మండలి, స్వలింగ జంటల పెళ్లిని ఏ కార్యాలయమూ నిరాకరించకూడదని నిబంధన జారీ చేశాకే దేశమంతటా ఒకే పద్ధతి వచ్చింది.

కొలంబియా కోర్టు మధ్యే మార్గం వెతికింది. 2011 జులైలో ఇచ్చిన తీర్పులో, స్వలింగ జంటలకు కుటుంబంగా రక్షణ ఉండాలని చెబుతూనే, చట్టం చేయడానికి పార్లమెంటుకు 2013 జూన్ 20 దాకా గడువు ఇచ్చింది. పార్లమెంటు చేయలేదు. తర్వాత ఏ నోటరీ ఏం చేయాలన్నదానిపై గందరగోళం నడిచింది. 2016 ఏప్రిల్‌లో కోర్టే 6-3 మెజారిటీతో అది పెళ్లేనని తేల్చింది.

ఈక్వడార్‌ది మరీ చిత్రమైన పరిస్థితి. 2008 రాజ్యాంగం లైంగిక ధోరణి, జెండర్ గుర్తింపు ఆధారంగా వివక్ష చూపరాదని పేర్కొంది. మన రాజ్యాంగంలో అంత స్పష్టత లేదు. అదే రాజ్యాంగం పెళ్లి అంటే స్త్రీ పురుషుల కలయిక అని కూడా రాసుకుంది. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్న కోర్టు, అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 2017లో వెలిబుచ్చిన అభిప్రాయాన్ని ఆధారం చేసుకుని, 2019 జూన్‌లో 5-4తో స్వలింగ వివాహాలకు ఆమోదం తెలిపింది. ఒక్క ఓటు తేడా.

అర్జెంటీనా వేరే దారిలో వెళ్లింది. అక్కడ కోర్టు కాదు, చట్టసభే ముందు నడిచింది. 2010 జులైలో సెనేట్ 33-27 ఓట్లతో వివాహ సమానత్వ చట్టం ఆమోదించింది. 2012లో వచ్చిన జెండర్ గుర్తింపు చట్టం కింద వయోజనులు వైద్య పరీక్షలు, శస్త్రచికిత్స, కోర్టు అనుమతి ఏవీ లేకుండా పత్రాల్లో పేరు, జెండర్ మార్చుకోవచ్చు. రెండేళ్ల తర్వాత మన సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ఈ అర్జెంటీనా చట్టాన్ని ప్రస్తావించింది.

ఇక్కడ ఒక తేడా మరిచిపోకూడదు. ఆ దేశాల మీద ఖండం స్థాయి మానవ హక్కుల కోర్టు ప్రభావం ఉంది. ఆసియాలో అలాంటి కోర్టు లేదు. మన సుప్రీంకోర్టు తన తీర్పు బరువును తానే మోయాలి. అయినా ఈ అనుభవాల నుంచి తేలేది ఒకటుంది. తీర్పు ఎంత గొప్పదైనా, చివరికి దాన్ని అమలు చేయాల్సింది ఒక కార్యాలయంలో కూర్చున్న ఉద్యోగి. బ్రెజిల్‌లో తీర్పు తర్వాత రెండేళ్లు, కొలంబియాలో ఐదేళ్లు పట్టింది అందుకే.

ప్రభుత్వమే తలుచుకుంటే: భిలాయ్ ఉన్న రాష్ట్రం కథ

కోర్టు, చట్టసభ కాకుండా మూడో దారి ఒకటుంది. అది ప్రభుత్వ శాఖ తీసుకునే నిర్ణయం. దీనికి ఉదాహరణ కోసం పవర్ హౌస్ దాకా, అంటే ఛత్తీస్‌గఢ్ దాకా వెళ్లాలి.

భిలాయ్ 2000 నవంబర్ దాకా మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఆ రాష్ట్రంలో కట్నీ నగర మేయర్ పదవిని మహిళలకు రిజర్వు చేస్తే, హిజ్రా అయిన కమలా జాన్ పోటీ చేసి గెలిచారు. జనం ఓటేశారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆమె మహిళ కాదు కాబట్టి ఎన్నిక చెల్లదని తేలింది. 2003లో హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. 'నేను ఎవరిని' అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం అప్పటికి ఆ వ్యక్తి చేతిలో లేదు.

నల్సా తీర్పు వచ్చిన కొద్ది నెలలకే, 2015 జనవరిలో, ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నగరానికి మధు కిన్నర్ మేయరుగా ఎన్నికయ్యారు. 2021 మార్చిలో వెలువడిన ఆ రాష్ట్ర పోలీసు నియామక ఫలితాల్లో 13 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కానిస్టేబుళ్లుగా ఎంపికయ్యారు. 2022లో నక్సల్ ప్రభావిత ప్రాంతాల కోసం ఏర్పాటు చేసిన బస్తర్ ఫైటర్స్ దళంలోనూ తొమ్మిది మంది చేరారు.

తమిళనాడులో పృథికా యాశిని సబ్ ఇన్‌స్పెక్టర్ కావడానికి మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లి పోరాడాల్సి వచ్చింది. 2015 నవంబరులో కోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక నియామక ప్రక్రియలోనే 13 మంది వచ్చారు.

తెలంగాణలోనూ 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. ఒకప్పుడు హిజ్రాలను వీధిలో కనిపిస్తే అరెస్టు చేయవచ్చని చట్టం ఉన్న నగరంలో, అదే వీధి కూడలిలో ఇప్పుడు వాళ్లు చెయ్యెత్తితే వాహనాలు ఆగుతున్నాయి. అయితే ఇది హోంగార్డుల తరహా కొలువు. పూర్తిస్థాయి ప్రభుత్వ ఉద్యోగం కాదు. హైకోర్టు చెప్పిన రిజర్వేషన్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు.

మూడో దారికి ఉన్న బలహీనత కూడా ఇదే. ప్రభుత్వం తలుచుకుంటే ఇస్తుంది. తలుచుకోకపోతే ఇవ్వదు. అడగడానికి హక్కు ఉండదు.

రిజర్వేషన్ దగ్గర చిక్కు ఏమిటి?

ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతిగా చూసి రిజర్వేషన్లు ఇవ్వాలని నల్సా తీర్పు చెప్పింది. చాలా రాష్ట్రాలు ఇక్కడే ఆగిపోయాయి. ఎందుకంటే 'వెనుకబడిన తరగతి' అన్నప్పుడు అది నిలువు రిజర్వేషన్, అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీల వరసలో ఉండేది అవుతుంది. ఒక వ్యక్తికి ఒక నిలువు వర్గమే వర్తిస్తుంది. దళిత కుటుంబంలో పుట్టిన ట్రాన్స్ మహిళ ఎస్సీ కోటా వదులుకుని బీసీ కోటాలోకి రావాలా?

అందుకే ట్రాన్స్‌జెండర్ సంఘాలు అడుగుతున్నది అడ్డు రిజర్వేషన్. మహిళలకు, వికలాంగులకు ఇచ్చే తరహాలో, ప్రతి సామాజిక వర్గం లోపలా కొంత వాటా. ఎస్సీ అభ్యర్థి ఎస్సీగానే ఉంటూ ట్రాన్స్‌జెండర్ వాటా పొందవచ్చు. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక శాతం ఇలాగే కేటాయించింది.

2019లో పార్లమెంటు ఆమోదించిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలో రిజర్వేషన్ మాటే లేదు. గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేయాలని అది చెప్పింది. లైంగిక వేధింపులు సహా నేరాలకు ఆ చట్టం పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. బాధితులు ట్రాన్స్‌జెండర్లయితే నేరం తీవ్రత తగ్గిపోతుందా అన్న విమర్శ మొదటి నుంచీ ఉంది.

తీర్పుకూ తలుపుకూ మధ్య

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఊరు మారితే బతుకు ఎందుకు మారుతోంది?

సుప్రీంకోర్టు చెప్పింది 141వ అధికరణ ప్రకారం దేశమంతటికీ చట్టం. కాబట్టి తన జెండర్ తానే నిర్ణయించుకునే హక్కుపై నల్సా చెప్పిన మాట పవర్ హౌస్‌లోనూ, విజయనగరంలోనూ, హైదరాబాద్‌లోనూ ఒక్కటే. కానీ తెలంగాణ హైకోర్టు తెలంగాణ ప్రభుత్వానికి ఇచ్చిన పింఛను ఆదేశం బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టును కట్టడి చేయదు. ఆంధ్రప్రదేశ్ పింఛను ఆ రాష్ట్రంలో ఉంటున్నవాళ్లకే. ఛత్తీస్‌గఢ్ పోలీసు నియామకం ఆ శాఖ నిర్ణయం. అంటే 'శిక్షించకండి' అన్న హక్కు దేశమంతా సమానంగా అందింది. 'మాకూ వాటా ఇవ్వండి' అన్న హక్కు మాత్రం రాష్ట్రాన్ని బట్టి, శాఖను బట్టి, కొన్నిసార్లు అధికారిని బట్టి మారుతోంది.

సుప్రియో తీర్పు సందర్భంగా, స్వలింగ జంటలు రోజువారీ జీవితంలో ఎదుర్కొనే ఇబ్బందులపై కమిటీ వేస్తామని కేంద్రం కోర్టుకు చెప్పింది. 2024లో కమిటీ ఏర్పడింది. జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని ఆ ఏడాది ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో వాళ్లను ఒకే ఇంటివాళ్లుగా చూడాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. పెళ్లి ఇవ్వనన్న చోట బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు దొరికాయి. చిన్నవే కావచ్చు. కానీ 2020 లాక్‌డౌన్‌లో రేషన్ కార్డు లేకపోవడం అంటే ఏమిటో హైదరాబాద్ ట్రాన్స్‌జెండర్లకు తెలుసు. హైకోర్టుకు వాళ్లు రెండోసారి వెళ్లింది దాని కోసమే.

నిజాం చట్టం పోవడానికి రాజ్యాంగం వచ్చిన తర్వాత 73 ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ దాన్ని ఎవరూ సమర్థించలేదు. రద్దు చేయాలన్న తొందర ఎవరికీ లేకపోయింది, అంతే. పింఛను జీవోలు, రిజర్వేషన్ రోస్టర్లు, వివాహ చట్టాల్లోని మాటలు ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నాయి. వాటిని కదిలించే అధికారం కోర్టులకన్నా ఎక్కువగా సచివాలయాలకు, శాసనసభలకు, పార్లమెంటుకే ఉంది.